మార్కులు లేని మూడు చోట్లు

ఫిబ్రవరి నెల ప్రవేశించినది మొదలు మే నెలాఖరు వరకు మన టౌన్‌షిప్‌లలో రాత్రివేళ వెలిగే దీపాలు రెండు రకాలు. కొండమీద రాత్రి షిఫ్టులో పనిచేసే వారి కొరకు వెలిగేవి కొన్ని. పరీక్షలకు చదువుకొనే పిల్లల బల్లలపై వెలిగేవి కొన్ని. మొదటి దీపాల క్రింద పనిచేసే వారికి హెల్మెట్టు, బూట్లు, సేఫ్టీ బెల్టు ఇస్తున్నాము. వారి పని గంటలు లెక్కిస్తున్నాము. అలసట కూడా ప్రమాదానికి ఒక కారణమని గుర్తించి నియమాలు వ్రాసుకొన్నాము. రెండవ దీపం క్రింద కూర్చున్న పిల్లవాని అలసటను నమోదు చేసే రిజిస్టరు మాత్రం ఏ ఇంటిలోనూ కనిపించదు.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకొన్నారు. వీరందరికీ పరీక్షలే కారణమని చెప్పజాలము. కుటుంబ కలహాలు, అనారోగ్యం, ఒంటరితనం వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. అయినప్పటికీ, ఒక గనిలో ఒక్క ప్రాణం పోయినా విచారణ సంఘాన్ని నియమించే మనము ఈ సంఖ్యను చదివి పుట త్రిప్పివేయుట భావ్యం కాదు.

బైలదిలా ప్రాంతంలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ సమస్య మరికొంత దగ్గరది. ఎద్దు మూపురం వంటి కొండ కనుక ఈ పర్వతానికి ఆ పేరు వచ్చినదని అంటారు. ఆ కొండ నీడలో పెరిగిన పిల్లలు పదవ తరగతి దాటగానే విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు, కొందరు ఇంకా దూరంగా కోటా వంటి చోట్లకు హాస్టల్ చదువులకై తరలిపోతారు. పదిహేను, పదహారేళ్ళ వయసులో ఇల్లు, భాష, మిత్రులు, అమ్మ చేతి వంట, అన్నిటినీ ఒకేసారి విడిచి రైలెక్కుతారు. ఆ తరువాత వారి మనసులో ఏమున్నదో తెలుసుకొనేందుకు మనకు మిగిలేది వారానికి ఒకటి రెండు ఫోను పలకరింపులే. ఆ కొద్ది నిమిషాలలోనూ "టెస్టులో ఎంత వచ్చింది?" అనే ప్రశ్న ముందు వచ్చి, "అన్నం తిన్నావా నాన్నా?" అనే ప్రశ్న వెనుకబడిపోతున్నది.

కథ, సంగీతం, రచన అనే మూడు సాధనాలు విద్యార్థులకు ఏ విధంగా ఆసరా కాగలవో, వాటిని ఇంటిలో ఏ విధంగా వాడుకొనవచ్చునో ఈ వ్యాసంలో వివరించదలచినాము. ఇవి చాలా పాత సాధనాలు. ఖర్చు లేనివి. అయితే వీటికి ఒక షరతు కలదు. ఆ షరతును క్రమంగా మనవి చేస్తాము.

ఒత్తిడి అనగా ఏమి?

ఇంజనీరింగు చదివిన వారికి ఒత్తిడి అనే మాటకు ఖచ్చితమైన అర్థం కలదు. భారాన్ని అది పడే వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ఒత్తిడి. కనుక ఒత్తిడిని తగ్గించుటకు మార్గాలు రెండు. భారం తగ్గించుట ఒకటి. వైశాల్యం పెంచుట రెండవది.

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని చూడండి. 1960వ దశకంలో జపాను దేశపు సహకారంతో, తూర్పు కనుమల నడుమ సొరంగాలు తొలిచి ఈ మార్గాన్ని నిర్మించారు. ఇనుప ఖనిజం నింపుకొని విశాఖ రేవుకు సాగే వ్యాగను బరువంతా ప్రతి చక్రం క్రిందా చిన్న నాణెమంత చోట పట్టాను తాకుతుంది. అదే బరువు నేరుగా నేలమీద పడితే చక్రం భూమిలో దిగబడిపోతుంది. పట్టా ఆ బరువును స్లీపర్లకు పంచుతుంది. స్లీపర్లు కంకరకు, కంకర నేలకు పంచుతాయి. వ్యాగనులో ఒక్క కిలో ఖనిజం తగ్గలేదు. అయినా నేల కుంగలేదు.

విద్యార్థి విషయంలో భారాన్ని తగ్గించుట కొంతవరకే మన చేతిలో ఉన్నది. సిలబస్ మనము వ్రాసినది కాదు. సీట్ల సంఖ్య మనము నిర్ణయించేది కాదు. కాని ఆ భారం పడే చోటును విశాలం చేయుట మన ఇంటి పని. మార్కులు అనే ఒక్క నాణెమంత చోట పిల్లవాని జీవితమంతా ఆని ఉన్నప్పుడు ఒక్క టెస్టు తప్పినా అది కుంగిపోతుంది.

ఒత్తిడి పూర్తిగా లేకుండుట కూడా మంచిది కాదు. అతిగా శ్రమించి పాదాలు రక్తసిక్తమై నిరాశ చెందిన సోణుడు అనే శిష్యునికి బుద్ధ భగవానుడు వీణ తీగను ఉదాహరణగా చూపినట్లు బౌద్ధ గ్రంథాలు చెబుతున్నాయి. తీగ వదులైతే స్వరం పలకదు. మరీ బిగిస్తే పాడైపోతుంది. సోణుడు పూర్వాశ్రమంలో వీణ వాయించినవాడు కనుక ఆ మాట అతనికి వెంటనే అర్థమైనది. పరీక్ష ముందు కొద్దిపాటి ఆదుర్దా పిల్లవానిని పుస్తకం ముందు కూర్చోబెడుతుంది. అదే మితిమీరితే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, చదివినది కూడా జ్ఞాపకానికి రాదు.

మొదటి ఆసరా: కథ

దుఃఖంలో ఉన్నవానికి కథ చెప్పుట మన దేశంలో అతి ప్రాచీనమైన చికిత్స. మహాభారతంలోని అరణ్యపర్వం దీనికి గొప్ప ఉదాహరణ. జూదంలో సర్వస్వం పోగొట్టుకొని ధర్మరాజు అడవిలో ఉన్నాడు. అర్జునుడు అస్త్రాల కొరకు వెళ్ళి తిరిగి రాలేదు. భీముడు కోపంతో మాటలంటున్నాడు. ఆ సమయంలో బృహదశ్వుడనే మహర్షి వచ్చినాడు. నావంటి దురదృష్టవంతుడు లోకంలో మరొకడు ఉన్నాడా అని ధర్మరాజు ఆయనను అడిగినాడు. మహర్షి ఓదార్పు మాటలు చెప్పలేదు. తప్పు నీదే అని ఉపదేశించనూ లేదు. నలమహారాజు కథ చెప్పినాడు. నన్నయ తెలుగు చేసిన భాగంలోనే ఈ ఉపాఖ్యానం ఉన్నది.

నలుడు కూడా జూదంలోనే రాజ్యం పోగొట్టుకొన్నాడు. భార్యను ఎడబాసినాడు. రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో వంటవాడిగా, సారథిగా పనిచేసినాడు. ఆ కొలువులోనే ఋతుపర్ణుని వద్ద అక్షహృదయమనే పాచికల విద్య నేర్చుకొన్నాడు. చివరకు భార్యను, రాజ్యాన్ని తిరిగి పొందినాడు.

గమనించదగిన విషయం మరొకటి కలదు. కథ ముగిసిన తరువాత బృహదశ్వుడు ధర్మరాజుకు కూడా ఆ అక్షహృదయాన్ని ఉపదేశించినాడు. ముందు కథ, తరువాత విద్య. మనసు తేరుకొన్న పిమ్మటనే విద్య తలకెక్కుతుందని ఆ మహర్షికి తెలుసు. లెక్కలలో తప్పిన పిల్లవానికి ఆ సాయంత్రమే మరొక లెక్కల ట్యూషను కుదర్చవలెనని తొందరపడే తల్లిదండ్రులు ఈ వరుసను గుర్తుంచుకొనుట మంచిది.

బస్తర్ ప్రాంతాన్ని పురాణాలలోని దండకారణ్యంగా సంప్రదాయం భావిస్తున్నది. వనవాసపు కథలు వినడానికి ఇంతకంటే తగిన చోటు మనకు వేరే ఎక్కడ దొరుకుతుంది?

కథ ఏ విధంగా పనిచేస్తుంది? మొదటిది, తన కష్టాన్ని తాను కొంత ఎడంగా నిలబడి చూసే అవకాశం కల్పిస్తుంది. "నేను పనికిరానివాడను" అని చెప్పుకొనలేని పిల్లవాడు నలుని గురించి గంటసేపు మాట్లాడగలడు. రెండవది, కథ మధ్యలో ఉన్న దుస్థితి కథకు ముగింపు కాదని చూపుతుంది. పదిహేడేళ్ళ వయసులో మనసుకు అందని సత్యం ఇదే.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల ఏర్పాటు కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధునికి తోడుగా నడిచేందుకు పశువులు కాచే పిల్లవాడొకడు ఒప్పుకొంటాడు. దారిలో తాను కోరిన కథలు చెప్పవలెనన్నది వాని షరతు. మజిలీకి ఒక కథ. నడక దూరం తగ్గలేదు గాని నడిచేవానికి మరునాటి మజిలీ మీద ఆశ కలిగినది. పరీక్షల కాలంలో రాత్రి భోజనానంతరం పది నిమిషాల కథ అట్టి మజిలీయే. రామాయణ భారతాలు, పంచతంత్రం, 1947 జూలైలో ప్రారంభమై కొన్ని తరాల తెలుగు పిల్లలను పెంచిన చందమామ పాత సంచికలు, ఏవైనా సరే. పెద్దలే చదవవలెనని లేదు. ఒకనాడు తండ్రి, ఒకనాడు చెల్లెలు చదువవచ్చును.

అన్నిటికంటే విలువైనవి ఇంటి కథలు. తాతగారు పొలం అమ్ముకొన్న సంవత్సరం, తండ్రి ఇంటర్వ్యూలో తప్పి ఇంటికి తిరిగి వచ్చిన రోజు, తల్లి మధ్యలో ఆపి పదేళ్ళ తరువాత పూర్తి చేసిన చదువు. పెద్దలు తమ విజయాలను గోడకు తగిలించి, అపజయాలను పెట్టెలో దాస్తారు. పిల్లలకు కావలసినవి ఆ పెట్టెలోనివే. ఒక్క జాగ్రత్త: కథ చివర "కాబట్టి నీవు కూడా" అని ప్రారంభించకూడదు. ఆ మాటతో కథ పాఠమవుతుంది. పాఠానికి వెంటనే పరీక్ష వస్తుందని పిల్లలకు తెలుసు.

రెండవ ఆసరా: పాట

సంగీతం నేర్చుకొనేందుకు నగరాలకు పోవలెనని భావించే వారు మన చుట్టూ ఉన్న బస్తర్‌ను ఒకసారి వినవలెను. ఇక్కడి మురియా ప్రజల సంప్రదాయంలో లింగో అనే ఆదిగురువు పద్దెనిమిది వాద్యాలను వాయించినాడని, గోటుల్‌ను స్థాపించి యువతకు ఆటపాటలు నేర్పినాడని చెబుతారు. గోటుల్ అనగా ఊరి యువతీ యువకులు సాయంవేళ కలిసి పాడుకొని, ఆడుకొని, కథలు చెప్పుకొని, సమష్టి జీవనం నేర్చుకొనే మందిరం. వెరియర్ ఎల్విన్ 1947లో దీనిపై ఒక పెద్ద గ్రంథం ప్రచురించినాడు. ఈనాడు గోటుల్‌లు బాగా తగ్గిపోయినవి. అయితే యుక్తవయసు పిల్లలకు పెద్దల నిరంతర పర్యవేక్షణ లేని, పాటకు చోటున్న ఒక స్థలం అవసరమని ఆ సమాజం ఏనాడో గుర్తించినదనుట నిజం.

హల్బీ భాషలోని జగార్ గానం మరొక అద్భుతం. ఈ మాట మన జాగారానికి చుట్టమే. గురుమాయిలు అని పిలువబడే స్త్రీలు రోజుల తరబడి ఒక దీర్ఘ గాథను పాడుతారు. లక్ష్మీజగార్‌లో ధాన్యలక్ష్మికి నారాయణునితో జరిగే వివాహం ప్రధాన ఇతివృత్తం. కొండగావ్‌కు చెందిన హరిహర వైష్ణవ్ గారు ఈ గాథలను ఎంతో శ్రమతో సేకరించి గ్రంథస్థం చేసినారు. ఈ గానానికి వాడే ధన్‌కుల్ వాద్యాన్ని చూస్తే ఇంజనీరు చేతులు జోడించవలసినదే. ఒక మట్టికుండ, దాని మూతిపై ఒక చేట, చేటపై ఆనించిన ఒక విల్లు, విల్లు మీద రాపాడించుటకు ఒక వెదురు పుల్ల. ఇంటి సామానుతోనే శ్రుతి, లయ రెండూ సిద్ధం. మన హరికథ, బుర్రకథల వలెనే ఇక్కడ కూడా కథ, పాట వేరు కావు.

శాస్త్రం ఏమంటున్నది? ఇటలీ పరిశోధకుడు లూచియానో బెర్నార్డి, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో 24 మందికి వివిధ రకాల సంగీతం వినిపించి గుండె, శ్వాస, రక్తపోటులను కొలిచినారు. వేగవంతమైన లయ విన్నప్పుడు అవి పెరిగినవి. విలంబ లయలో ఉన్నప్పుడు ఆ ప్రభావం తగ్గినది. మధ్యలో కల్పించిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో అవి పాట ప్రారంభానికి ముందున్న స్థాయి కంటే కూడా దిగినవి. అనగా పాట ఎంత ముఖ్యమో, పాట ఆగిన తరువాతి మౌనం అంత ముఖ్యం. ఒక పాట వెంట మరొక పాటను ఫోనులో గంటల తరబడి తోసుకొనుట విశ్రాంతి కాదు.

వినుట కంటే పాడుట మరింత మేలు. పాడేవాడు తప్పనిసరిగా దీర్ఘంగా ఊపిరి పీల్చి, నెమ్మదిగా విడువవలెను. ఆందోళనలో ఉన్నవాని ఊపిరి చిన్నదిగా, వేగంగా ఉంటుంది. పాట దానిని తెలియకుండానే సరిచేస్తుంది. పలువురు కలిసి పాడినప్పుడు శ్వాసలు కూడా కలుస్తాయి. తిరగలి పాటలు, ఊడ్పు పాటలు పుట్టినది శ్రమను మరిపించుటకే కదా!

ఇక్కడ రెండు సూచనలు. చదివేటప్పుడు మాటలతో కూడిన పాట వినుట మంచిది కాదు. చదువుతున్న మాటలు, వినవస్తున్న మాటలు మనసులో ఒకే చోటుకు పోటీ పడుతాయి. పాట చదువుకు ముందో, తరువాతనో ఉండవలెను. రెండవది, ఒత్తిడి తగ్గుటకని పిల్లను సంగీతంలో చేర్పించి, ఆరు నెలలలో పోటీకి ఎందుకు పంపలేదని మాస్టారిని నిలదీయరాదు. పాటకు బహుమతి పెట్టిన క్షణం నుండి అది కూడా ఏడవ సబ్జెక్టు అవుతుంది.

మూడవ ఆసరా: రాత

మనిషి మనసు ఒకే సమయంలో పట్టి ఉంచగల విషయాలు చాలా కొద్ది. లెక్క చేస్తున్న పిల్లవాని మనసులో "తప్పితే ఏమవుతుంది? నాన్న ఏమంటాడు?" అనే ఆలోచన తిష్ట వేసినచో, లెక్కకు దొరికే చోటు తగ్గిపోతుంది. ఆ ఆలోచనను గెంటివేయుట సాధ్యం కాదు. కాని దానిని కాగితంపై దింపవచ్చును.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక అధ్యయనం ప్రచురించినారు. కళాశాల విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు వ్రాయమన్నారు. కొందరు సామాన్య విషయాలు వ్రాసినారు. కొందరు తమ జీవితంలోని బాధాకర సంఘటనలను, వాటి వలన కలిగిన భావాలను వ్రాసినారు. వ్రాసిన వెంటనే ఈ రెండవ వర్గంవారి మనసు బరువెక్కినది. కాని తరువాతి నెలలలో వారు విద్యార్థి వైద్యశాలకు వెళ్ళిన సార్లు తగ్గినవి. ఆ తరువాత జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూస్తే ఈ ప్రయోజనం చిన్నదేనని తేలినది. చిన్నదే కావచ్చును, ఖర్చు కూడా ఒక కాగితమే!

2011లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్డో రమిరెజ్, సియన్ బైలాక్ సైన్స్ పత్రికలో మరొక విషయం ప్రకటించినారు. పరీక్షకు సరిగ్గా ముందు పది నిమిషాలు తమ భయాలను గురించి వ్రాసిన విద్యార్థులలో, సహజంగా పరీక్షలంటే ఎక్కువగా భయపడే వారికి మార్కులు మెరుగైనవి. అందరికీ ఒకే ఫలితం ఉంటుందని చెప్పలేము. కాని పరీక్షా కేంద్రం గేటు వద్ద చివరి నిమిషం వరకు గైడు తిరగవేసే అలవాటు కంటే ఇది హాని లేని పని.

వ్రాసే విధానం సులభం. పదిహేను నిమిషాలు. అక్షర దోషాలు, వ్యాకరణం చూడరాదు. జరిగినది ఏమి, అప్పుడు ఏమనిపించినది, ఇప్పుడు ఏమనిపిస్తున్నది, ఈ మూడు చాలును. తరువాత ఆ కాగితం దాచుకొనవచ్చును, చింపివేయవచ్చును. వ్రాసే కొద్దీ మనసు మరింత క్రుంగుతున్నట్లు తోస్తే ఆపివేసి, నమ్మకమైన మనిషితో మాట్లాడవలెను.

భాష విషయం ఒకటి చెప్పవలెను. మన పిల్లలకు ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, సంతలో హల్బీ. ఏ భాషలో ఏడుపు వస్తుందో ఆ భాషలోనే వ్రాయవలెను. లిపి రాకపోతే తెలుగు మాటలను దేవనాగరిలో వ్రాసినా తప్పు లేదు.

తల్లిదండ్రులకు ఒక కట్టుబాటు: పిల్లల నోటుబుక్కును వారు ఇవ్వకుండా తెరవరాదు. "ఏదో మంచికే చూశాము" అనే సమాధానం వారు అంగీకరించరు. ఒక్కసారి చదివినట్లు తెలిసిన నాటి నుండి వారు మన కొరకు వ్రాస్తారు, తమ కొరకు వ్రాయరు. దానికి బదులుగా మనమే వారికి వ్రాయవచ్చును. హాస్టల్‌లో ఉన్న పిల్లకు నెలకొక ఉత్తరం, అందులో పెరటిలోని మామిడి పూత, తమ్ముని అల్లరి, కొండమీద కురిసిన వాన గురించిన కబుర్లు. ఫోనులో విన్న మాట గాలిలో కలిసిపోతుంది. ఉత్తరాన్ని దిండు క్రింద పెట్టుకొని మరల చదువుకొనవచ్చును.

మన కంచెకు అవతల

మన పిల్లల గురించే మాట్లాడి ఊరుకొనుట న్యాయం కాదు. ఇదే నేలపై మరొక రకమైన ఒత్తిడితో చదివే పిల్లలున్నారు. 2005 తరువాత బస్తర్‌లో జరిగిన ఘర్షణలలో ఎన్నో పల్లెల బడులు దెబ్బతిన్నవి. దంతెవాడ, బీజాపూర్, సుక్మా ప్రాంతాలలో ఆ పిల్లల కొరకు వెదురుతో నిర్మించిన పోర్టా కాబిన్ నివాస పాఠశాలలు వెలసినవి. గీదం సమీపంలోని జావంగాలో విద్యానగరి ఏర్పడినది. అక్కడ చేరిన పసివాడు గోండీలో కల గని, హిందీలో పాఠం వినవలెను. ఊరికి దూరం, అమ్మకు దూరం, భాషకు కూడా దూరం.

గోండీ మనకు పరాయి భాష కాదు. తెలుగు, గోండీ ద్రావిడ భాషలలో ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. మన క్లబ్బులలో, పాఠశాల వార్షికోత్సవాలలో గోండీ, హల్బీ కథకులను, గాయకులను అతిథులుగా పిలుచుట, ఆ పిల్లలను మన పిల్లలతో కలిపి కూర్చోబెట్టుట కష్టం కాదు. తన అవ్వ చెప్పిన కథను తన భాషలో చెప్పి చప్పట్లు అందుకొన్న పిల్లవానికి హిందీ పాఠం కూడా కొంత తేలికవుతుంది. వాని పక్కన కూర్చున్న మన పిల్లవానికి తన బరువు ఒక్కటే బరువు కాదని తెలుస్తుంది.

ఈ ఆసరాల హద్దులు

కథ, పాట, రాత మందులు కావు. పిల్లవాడు రెండు వారాలకు మించి నిద్ర, ఆహారం మానినా, ఇష్టమైన ఆటపాటలను విడిచి ఒంటరిగా ఉన్నా, తన వస్తువులు ఇతరులకు పంచివేస్తున్నా, "నేను లేకపోతే మీకు సుఖం" అనే అర్థంలో మాట్లాడినా, ఆ నాడు కథ చెప్పే నాడు కాదు. ప్రక్కన కూర్చొని నేరుగా అడగవలెను. చనిపోవాలనిపిస్తున్నదా అని అడిగినంత మాత్రాన ఆ ఆలోచన క్రొత్తగా కలుగదని వైద్యులు చెబుతున్నారు. పిల్లవానిని ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి–మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగుతో సహా పలు భాషలలో లభిస్తున్నది. ఈ నంబరును గ్యాస్ ఏజెన్సీ నంబరు ప్రక్కనే గోడమీద వ్రాసి ఉంచండి.

విశాఖపట్నంలో చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసినది. వంద మంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో అర్హతగల కౌన్సెలరు ఉండవలెనని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయరాదని అందులో ఉన్నది. హాస్టల్‌లో చేర్పించే ముందు ఫీజు, ర్యాంకులతో పాటు "మీ కౌన్సెలరు ఎవరు? పిల్లలు వారిని ఎప్పుడు కలవవచ్చును?" అని అడుగుట తల్లిదండ్రుల హక్కు.

ఇంటి కార్యక్రమం

ఆచరణకు అనువుగా కొన్ని సూచనలు చేస్తున్నాము.

1. పరీక్షల కాలంలో రాత్రి భోజనం తరువాత ఇరవై నిమిషాలు చదువు మాట ఎత్తరాదు. పది నిమిషాలు కథ, పది నిమిషాలు పాట లేక మౌనం.

2. పిల్లలకు ఒక నోటుబుక్కు, ఒక సొరుగు, దానికి ఒక తాళంచెవి ఇవ్వండి. రెండవ తాళంచెవి దాచుకొనవద్దు.

3. హాస్టల్‌కు ఫోను చేసినప్పుడు మొదటి అయిదు నిమిషాలలో మార్కుల ప్రసక్తి రానీయవద్దు. సామాన్లలో ఒక కథల పుస్తకం, పిల్లవాడు వాయించే వాద్యం ఉంటే అది కూడా పెట్టి పంపండి.

4. మన క్లబ్బు గ్రంథాలయంలో నెలకొక సాయంత్రం పోటీ లేని, బహుమతి లేని, ముఖ్య అతిథి లేని కథల సమావేశం జరపవచ్చును.

5. ఫలితాలు వెలువడే రోజున తల్లిదండ్రులలో ఒకరైనా సెలవు పెట్టి ఇంటిలో ఉండవలెను. దానికి ముందు రాత్రి పిల్లవానితో ఒక మాట చెప్పవలెను: "రేపు ఏది వచ్చినా మధ్యాహ్నం అందరం కలిసి భోజనం చేద్దాము."

మొదట చెప్పిన షరతు ఈ సూచనలన్నిటిలోనూ ఉన్నదని పాఠకులు గ్రహించి ఉంటారు. ఈ మూడు చోట్ల ఎవరూ మార్కులు వేయరాదు. బడిలో మార్కులు, ట్యూషనులో మార్కులు, ఆటలో మార్కులు, బంధువుల ఇళ్ళలో పోలికల రూపంలో మార్కులు. ఇన్నిటి నడుమ పిల్లవాడు మంచివాడా చెడ్డవాడా, తెలివిగలవాడా కాదా అని ఎవరూ తేల్చని చోటు ఇంటిలో ఒకటైనా ఉండవలెను. కథ వినేవానికి ర్యాంకు లేదు. అమ్మతో కలిసి పాడేవానికి శ్రుతి తప్పినా ఫెయిలు లేదు. తన కాగితంపై తాను వ్రాసుకొనేవానిని దిద్దే ఎర్ర సిరా లేదు.

రైలు బరువును మోసేది పట్టాయే అని చూసేవారికి తోస్తుంది. దాని క్రింద ఉన్న కంకరను ఎవరూ గమనించరు. కాని ప్రతి వర్షాకాలం తరువాత గ్యాంగ్‌మెన్ వచ్చి, జారిన కంకరను మరల స్లీపర్ల క్రింద సర్ది పోతారు. పరీక్షల కాలంలో తల్లిదండ్రులు చేయవలసిన పని అంతకంటే ఎక్కువ లేదు, తక్కువా లేదు.